వేగానికి ముందు పట్టు: స్వల్ప వ్యయంతో స్పోర్ట్స్ కారు సస్పెన్షన్

మద్రాసు నగరానికి ఉత్తరాన షోళవరంలో రెండవ ప్రపంచ యుద్ధకాలం నాటి రన్‌వే ఒకటి ఉండేది. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత దశాబ్దాలపాటు దేశంలో కారు పందేలకు అదే ప్రధాన వేదిక. విదేశాల నుంచి వచ్చిన పందెపు కార్లు అక్కడ పరుగులు తీయకపోలేదు. అయితే ఎక్కువమంది ఔత్సాహికులు ఫియట్లు, హెరాల్డులు, అంబాసిడర్లనే విప్పి, బిగించి, పోటీకి తగినట్టు మలచుకునేవారు. చేతిలో ఉన్న కొద్దిపాటి సొమ్ముతో మామూలు కారును పందేనికి సిద్ధం చేయడం భారతదేశపు మోటారు క్రీడలో మొదటి నుంచీ ఉన్న సంప్రదాయమే.

నేటికీ ఆ పరిస్థితి పెద్దగా మారలేదు. 1998లో గోవాలో రూపుదిద్దుకున్న సాన్ స్టార్మ్ వంటి ఒకటి రెండు ప్రయత్నాలను మినహాయిస్తే, మధ్యతరగతికి అందుబాటులో ఉండే అసలైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు దేశంలో తయారు కాలేదనే చెప్పాలి. హోండా సిటీ వీటెక్, ఫియట్ పాలియో 1.6 వంటి చురుకైన కార్లనే ఇక్కడి యువకులు స్పోర్ట్స్ కార్లుగా భావించి, పాతవి కొని ముస్తాబు చేసుకుంటున్నారు. చిక్కల్లా అక్కడే మొదలవుతుంది. కారు కొన్నాక మిగిలే డబ్బు తక్కువ. దాన్ని దేనిమీద ఖర్చు పెట్టాలన్నది ప్రశ్న. చాలామంది చూపు ముందుగా ఇంజను మీద, ఆ తర్వాత కారు ఎత్తు తగ్గించడం మీద పడుతుంది. ఈ క్రమం తప్పు. ఈ తప్పుకు మూల్యం డబ్బుతోనే తీరదు. ఒక్కొక్కసారి ప్రాణం మీదికీ వస్తుంది.

నాలుగు అరచేతులపై టన్ను బరువు

కారు ఎంత ఖరీదైనదైనా నేలను తాకేది నాలుగు టైర్లే. ఒక్కో టైరు నేలను ఆనుకునే మేర సుమారు ఒక అరచేయంత. వేగం పుంజుకోవడం, బ్రేకు పడటం, మలుపు తిరగడం అన్నీ ఆ నాలుగు అరచేతుల చోటులోనే జరగాలి. గతుకుల్లోనూ, మలుపుల్లోనూ ఆ టైర్లను నేలకు వదలకుండా అదిమి ఉంచడమే సస్పెన్షన్ ప్రధాన కర్తవ్యం. ప్రయాణం మెత్తగా సాగడం దాని రెండవ పని.

ఒక చిన్న లెక్క చూస్తే ఈ విషయం తేటపడుతుంది. వెయ్యి కిలోల కారు ఒకటి ఉందనుకుందాం. దాని గురుత్వ కేంద్రం నేల నుంచి అర మీటరు ఎత్తున ఉంది. కుడి, ఎడమ చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు. గురుత్వ త్వరణంలో 0.7 వంతు బలంతో ఆ కారు మలుపు తిరిగితే లోపలి చక్రాల నుంచి వెలుపలి చక్రాలపైకి 250 కిలోల భారం మారుతుంది. అంటే అంతవరకు చెరో 500 కిలోలు మోసిన రెండు పక్కల్లో వెలుపలి పక్క 750, లోపలి పక్క 250 కిలోలు మోస్తాయి. గట్టి స్ప్రింగులు వేస్తే ఈ భారం తగ్గుతుందన్నది అపోహ. కారు ఒరగడం తగ్గుతుందే తప్ప మారే మొత్తం భారం దాదాపు అంతే ఉంటుంది. దాన్ని నిర్ణయించేవి ప్రధానంగా బరువు, గురుత్వ కేంద్రం ఎత్తు, చక్రాల మధ్య దూరం, మలుపులోని వేగమే.

అయితే ఆ భారంలో ముందు చక్రాలకు ఎంత, వెనుక చక్రాలకు ఎంత అన్నది మాత్రం స్ప్రింగులు, యాంటీ రోల్ బార్ల చేతిలో ఉంటుంది. టైరుపై భారం రెట్టింపైతే దాని పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. అందువల్ల ఏ జత చక్రాలపై భారపు బదిలీ ఎక్కువైతే ఆ జతే ముందుగా జారుతుంది. ముందు చక్రాలు జారితే కారు మలుపు తిరగకుండా నేరుగా పోతుంది. వెనుక చక్రాలు జారితే గిర్రున తిరుగుతుంది. సస్పెన్షన్‌ను మెరుగుపరచడమంటే ఈ రెండింటి మధ్య సమతూకం సాధించడమే.

ముందు మరమ్మతు, తర్వాతే మెరుగు

పదేళ్లు నడిచిన కారులో మొదటి ఖర్చు కొత్త అలంకారాలకు కాదు, అరిగిన రబ్బరుకు కావాలి. లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, స్ట్రట్ మౌంటింగులు, స్టీరింగు కడ్డీల చివరలు కాలక్రమంలో వదులవుతాయి. బుష్ వదులైతే బ్రేకు వేసినప్పుడల్లా, మలుపు తిరిగినప్పుడల్లా చక్రం తన కోణాన్ని మార్చుకుంటుంది. అటువంటి కారుకు ఎంత ఖరీదైన షాక్ అబ్సార్బర్లు బిగించినా ప్రయోజనం శూన్యం. ఇవన్నీ విడిభాగాల దుకాణాల్లో దొరికేవే. ఒక్కొక్కటిగా చూస్తే వీటి ధర, పూర్తి సస్పెన్షన్ కిట్టు ధర ముందు లెక్కలోకి రాదు.

రెండవ ఖర్చు టైర్లకు పెట్టాలి. నేలను పట్టేది టైరే కనుక ఇక్కడ వెచ్చించిన రూపాయి ఇచ్చినంత ఫలితం మరెక్కడా ఇవ్వదు. మూడవది వీల్ అలైన్‌మెంట్. భాగాలు మార్చిన ప్రతిసారీ దీన్ని సరిచూడవలసిందే. ఈ మూడూ పూర్తి చేసిన తర్వాత చాలామందికి కారు కొత్తగా తోస్తుంది. ఇంకేమీ మార్చనక్కరలేదని అక్కడితో ఆగేవారూ ఉంటారు.

నాలుగవ స్థానం డంపర్లది, అంటే షాక్ అబ్సార్బర్లది. స్ప్రింగు గతుకు దెబ్బను తనలో దాచుకుని తిరిగి పైకి నెడుతుంది. డంపరు ఆ శక్తిని నూనెలోని సన్నని దారుల గుండా నడిపి వేడిగా మార్చి హరిస్తుంది. డంపరు బలహీనపడితే గతుకు దాటిన చక్రం ఎగిరెగిరి పడుతుంది. ఎగిరిన క్షణంలో దానికి నేలపై పట్టు ఉండదు. అసలు స్ప్రింగులను అలాగే ఉంచి, వాటికి సరిపోయే నాణ్యమైన డంపర్లను మాత్రమే మార్చడం స్వల్ప వ్యయంలో తెలివైన మార్గం. ఎత్తును, గట్టిదనాన్ని సవరించుకునే వీలున్న ఖరీదైన అమరికలు పందెపు ట్రాకుపై నేర్పు సంపాదించినవారికే ఉపయోగపడతాయి. నేర్పు లేనివారి చేతిలో వాటి మరలు తప్పులు చేయడానికి అదనపు అవకాశాలు మాత్రమే.

ఆ తర్వాత వచ్చేది యాంటీ రోల్ బార్. దీని గట్టిదనం కడ్డీ వ్యాసం నాలుగవ ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల కడ్డీ స్థానంలో అదే ఆకృతిలో 22 మిల్లీమీటర్లది వేస్తే గట్టిదనం సుమారు 46 శాతం హెచ్చుతుంది. ముందు చక్రాలతో నడిచే కార్లు మలుపులో నేరుగా పోయే స్వభావం గలవి కనుక వెనుక బార్‌ను కాస్త గట్టిపరచడం పరిపాటి. మోతాదు మించితే మాత్రం వాన పడిన రోడ్డుపై కారు వెనుక భాగం జారుతుంది.

చౌకబేరంలో ముప్పు

ఇన్ని అంచెలు ఎందుకని కొందరు ఎంచుకునే అడ్డదారి స్ప్రింగులను కోయడం. ఖర్చు కూలి మాత్రమే. కారు వెంటనే కిందికి దిగి చూపులకు పందెపు కారులా కనిపిస్తుంది. కానీ జరిగే నష్టం కనిపించదు. ఎనిమిది చుట్లు పనిచేసే స్ప్రింగులో రెండు చుట్లు తీసివేస్తే అది మూడింట ఒక వంతు ఎక్కువ గట్టిపడుతుంది. పాత డంపరుకు ఆ గట్టిదనాన్ని అదుపు చేసే శక్తి ఉండదు. పొట్టిదైన స్ప్రింగు, చక్రం పూర్తిగా కిందికి జారినప్పుడు తన గూటి నుంచి తప్పుకునే ప్రమాదం ఉంది. గ్యాస్ మంటతో కాల్చి కుంగదీయడం ఇంకా ప్రమాదకరం. స్ప్రింగు ఉక్కుకు కర్మాగారంలో వేడితో పట్టించిన పదును ఆ మంటలో పోతుంది. అది ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

మన రోడ్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు. భారత రోడ్ల కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. ఊరూరా వెలిసిన స్పీడ్ బ్రేకర్లలో ఎన్ని ఈ కొలతకు లోబడి ఉన్నాయో ప్రయాణికులకు తెలిసిందే. ఎత్తు తగ్గించిన కారు అడుగుభాగం వాటికి తగిలి ఇంజను ఆయిలు తొట్టి పగిలితే, మిగుల్చుకున్న సొమ్ముకు అనేక రెట్లు చెల్లించుకోవలసి వస్తుంది.

తాడు, సుద్దముక్క, నోటుపుస్తకం

డబ్బు తక్కువైన చోట ఓపిక అక్కరకు వస్తుంది. కారుకు ఇరుపక్కలా సమాంతరంగా తాడు కట్టి స్కేలుతో కొలిచి చక్రాల వాలును సరిదిద్దుకోవడం పందేలవారికి పాత అలవాటు. టైరు భుజంపై సుద్దముక్కతో గీత గీసి ఒక చుట్టు తిరిగివస్తే, గీత ఎంతవరకు చెరిగిందో చూసి గాలి చాలిందో లేదో తెలుసుకోవచ్చు. టైరు నడిమి భాగం అంచుల కంటే బాగా వేడెక్కితే గాలి ఎక్కువైందని, అంచులే వేడెక్కితే తక్కువైందని గుర్తు. గాలి మార్చడానికి పైసా ఖర్చు లేదు.

ఒక్కసారికి ఒక్క మార్పే చేయడం మరో నియమం. డంపర్లు, బార్, టైరు గాలి ఒకేసారి మారిస్తే మేలు దేనివల్ల కలిగిందో, కీడు దేనివల్ల వచ్చిందో తేలదు. మార్చిన ప్రతిదాన్నీ, పట్టిన కాలాన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నవాడు ఖరీదైన పరికరాలున్నవారితో సమానంగా నేర్చుకోగలడు.

చట్టం హద్దులు

ట్రాకు వేరు, రహదారి వేరు. పందేలలో దిగే కార్లకు ఆ పోటీ తరగతి నిబంధనలే ప్రమాణం. ఏ భాగం మార్చవచ్చో, ఏది మార్చరాదో వాటిలో ఉంటుంది. రహదారిపై తిరిగే వాహనానికి 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వర్తిస్తుంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే సంవత్సరం చట్టానికి జరిగిన సవరణ ప్రకారం, అనుమతిలేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. అరిగిన భాగం స్థానంలో తయారీదారు ప్రమాణాలకు సరిపడే కొత్తది వేయడం మరమ్మతు. కారు రూపాన్ని, ఎత్తును మార్చడం వేరే సంగతి. బీమా సంస్థకు తెలియజేయని మార్పు ప్రమాదం జరిగిన రోజున పరిహారానికి అడ్డుపడవచ్చు. ఈ దృష్టితో చూసినా బుష్‌లు, టైర్లు, డంపర్లు అన్న వరుసే క్షేమకరం.

పొదుపు నేర్పిన పాఠం

పొదుపు వేగానికి శత్రువు కాదని నిరూపించినవారిలో కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ అగ్రగణ్యుడు. విదేశీ పందెపు కార్లు అందరికీ అందవని గ్రహించి, మారుతి 800 ఇంజను ఆధారంగా ఒంటి సీటు ఫార్ములా మారుతి కారును ఆయన 1980ల చివర రూపొందించారు. 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ తొలి రోజుల్లో పోటీపడింది ఆ కారులోనే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో మరణించారు. కోయంబత్తూరు సమీపంలోని చెట్టిపాళయం ట్రాకుకు ఆయన పేరే పెట్టారు.

ఇంజనీరింగు విద్యార్థులు స్వయంగా తయారు చేసిన కార్లతో తలపడే ఫార్ములా భారత్ పోటీలకు ఆ ట్రాకు వేదికగా నిలిచింది. ఆ పోటీల్లో వేగంతోపాటు కారుకైన ఖర్చు లెక్కలనూ న్యాయనిర్ణేతలు పరిశీలించి మార్కులు వేస్తారు. ప్రతి భాగాన్నీ ఎందుకు ఎంచుకున్నారో, దానికెంత అయిందో విద్యార్థులు వివరించి చెప్పాలి. పాత కారును ముస్తాబు చేయదలచిన ప్రతి యువకుడూ సొమ్ము తీసేముందు తనను తాను వేసుకోవలసిన ప్రశ్న అదే.