ఐడీ కావాలి, వ్యాపారం వద్దు

"వదినా, నాకు మీటింగులూ గీటింగులూ వద్దు. ఐడీ ఒకటి ఇప్పించు. పౌడరు డబ్బా నీకు పడే రేటుకే నాకూ పడితే చాలు."

విశాఖపట్నం గాజువాకలో డైరెక్ట్ సెల్లింగ్ చేస్తున్న ఆడవాళ్లందరికీ ఈ మాట పరిచయమే. అలా అడిగినామెను ఏం చేయాలన్న దగ్గరే చాలామంది లీడర్లు దారి తప్పుతున్నారు. సరేనని ఫారం నింపించి, వారం తిరక్కుండానే జూమ్ మీటింగుకి రమ్మంటారు. తెలిసినవాళ్లవి వంద పేర్లు లిస్టు రాయమంటారు. కొన్నాళ్లకి ఆమె ఫోన్ ఎత్తడం మానేస్తుంది, దాంతోపాటే డబ్బా కొనడమూ మానేస్తుంది. తనకేం కావాలో ఆమె మొదటి రోజే విప్పి చెప్పింది. రేటు కోసం చేరే మనిషి మంచి ఖాతాదారు. ఆమెను ఖాతాదారుగానే చేర్చుకోవాలి, ఖాతాదారుగానే లెక్కలో రాసుకోవాలి. అలా చేస్తే లీడరుకు ఎంత మిగులుతుంది, చట్టం ఏమంటుంది అన్నది నిదానంగా చూద్దాం.

ముందు ఈ ఊరి సంగతి. ఉక్కు కర్మాగారం, షిప్‌యార్డు, ఒకప్పటి బీహెచ్‌పీవీ, ఆటోనగర్, దువ్వాడ సెజ్. వీటి చుట్టూ నెలజీతాల ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఒకే షిఫ్టులో పనిచేసేవాళ్లు ఒకే వీధిలో కాపురం ఉంటారు. పరిచయాల మీద నడిచే వ్యాపారానికి ఇంతకన్నా ఏం కావాలి? పైగా 2021 జనవరిలో ఉక్కు కర్మాగారంలో తన వాటా మొత్తం అమ్మేయాలని కేంద్రం నిర్ణయించినప్పటి నుంచి, ఆ తర్వాత 2024లో జీతాలు విడతలుగా పడ్డప్పటి నుంచి, 'రెండో ఆదాయం' అన్న మాటకి ఇక్కడ చెవి ఒగ్గేవాళ్లు పెరిగారు. భయంలో ఉన్న ఇంటికి ఆదాయపు ప్లాన్ చూపించడం తేలిక. అందుకే ఇక్కడ లీడరు బాధ్యత ఎక్కువ.

ఇక లెక్క. ఈ కంపెనీల సరుకుకు రెండు రేట్లు ఉంటాయి. డబ్బా మీద అచ్చువేసింది ఎమ్మార్పీ. ఐడీ ఉన్నవాళ్లకి పడేది డీపీ. ఈ రెంటికీ మధ్య తేడా కంపెనీని బట్టి, సరుకును బట్టి మారుతుంది. అర్థం కావడం కోసం 20 శాతం అనుకుందాం. ఒక ఇంట్లో నెలకి ఎమ్మార్పీ ప్రకారం 2,000 రూపాయల సరుకు వాడతారు. ఐడీ ఉంటే 1,600కే వస్తుంది. నెలకి 400 మిగులు. అయితే ఇది కంపెనీ ఎమ్మార్పీతో పోలిస్తే వచ్చిన మిగులు. కొత్త గాజువాక జంక్షన్లో కిరాణా కొట్టుకి వెళ్లి అలాంటి పేస్టు, అలాంటి సబ్బు ఎంతకు వస్తున్నాయో చూస్తే కొన్నింట్లో ఆ మిగులు కనబడదు. నాణ్యత నచ్చి ఆ రేటు పెట్టేవాళ్లు ఉంటారు, అది వాళ్ల ఇష్టం. కానీ "డబ్బులు మిగులుతాయి" అని చెప్పి చేర్పించేటప్పుడు దేనితో పోల్చి మిగులుతాయో చెప్పాలి. ఈ ఒక్క మాట దాచిపెట్టినందుకే మూడో నెలలో చాలామంది జారిపోతారు.

లీడరు వైపు నుంచి చూస్తే ఇంకో లెక్క ఉంది, దీన్ని ప్లాన్ బోర్డు మీద ఎవరూ రాయరు. ఆ ఇల్లాలు ఐడీ లేకుండా మీ దగ్గరే ఎమ్మార్పీకి కొంటే మీకు నేరుగా 400 మిగిలేది. ఆమెకు ఐడీ ఇప్పించాక ఆ 400 ఆమెది. మీకు వచ్చేది ఆమె కొనుగోలు మీద కమిషను. ఉదాహరణకి ఆరు శాతం అనుకుంటే 1,600 మీద 96 రూపాయలు. అంటే ఐడీ ఇచ్చిన ప్రతిసారీ చేతిలోని 400 వదులుకుని 96 తీసుకుంటున్నారు. అలాంటివాళ్లు పదిమంది ఉన్నా నెలకి 960. ఇందులోంచే పెట్రోలు, ఫోను. రేటు కోసం చేరినవాళ్లతోనే జీతానికి సరిపడా ఆదాయం వస్తుందని ఎవరైనా చెబితే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి.

మరి ఎందుకు చేర్చుకోవాలి? ఎమ్మార్పీకి కొనే మనిషి పండక్కో పబ్బానికో ఒకసారి కొని ఊరుకుంటుంది. డీపీకి కొనే మనిషి, సరుకు నిజంగా నచ్చితే, ఏళ్ల తరబడి కొంటుంది. వాడే మనిషి కాబట్టి ఎదురింటావిడ అడిగితే ఉన్నదున్నట్టు చెబుతుంది: ఈ పొడి బాగుంది, ఆ షాంపూకి మాత్రం అంత పెట్టక్కర్లేదు అని. ఎంత సాధన చేసిన ప్లాన్ ప్రసంగానికీ ఆ మాటకున్న బలం రాదు. అలా వాడుతూ వాడుతూ, అడిగినవాళ్లకి తెచ్చిపెడుతూ, తనంతట తానే అమ్మకంలోకి దిగేవాళ్లు కొందరు ఉంటారు. ఆ అడుగు పడిన రోజున నేర్పించండి. అంతవరకూ ఆమెను తొందరపెట్టొద్దు.

ఇబ్బంది ఎక్కడ మొదలవుతుందంటే, నెలాఖరున. లీడరుకు లెవెల్ నిలవాలంటే ఇన్ని పాయింట్లు కావాలి. ఇరవై ఎనిమిదో తారీకు దాటాక ఫోన్లు మొదలవుతాయి. "ఈ ఒక్క నెలకి కాస్త ఎక్కువ తీసుకో, యాక్టివ్‌గా ఉంటావు." నెలకి 1,600 పెట్టే ఇల్లాలు మొహమాటానికి 4,000 పెడుతుంది. ఎమ్మార్పీ ప్రకారం అది 5,000 సరుకు కాబట్టి వెయ్యి రూపాయలు ఆదా అయినట్టు బిల్లు మీద కనిపిస్తుంది. పర్సులోంచి మాత్రం 2,400 అదనంగా పోయాయి. ఉక్కు కర్మాగారం సెక్టారు క్వార్టర్స్‌లో వంటింటి అటక మీద ఒకసారి చూడండి: సీలు తీయని ప్రొటీన్ డబ్బాలు రెండు, తేదీ దాటిపోయిన కాల్షియం మాత్రలు, పాత్రలు తోమే ద్రవం నాలుగు సీసాలు, వెనక్కి నెట్టిన స్టార్టర్ కిట్ సంచీ. రేటు తగ్గుతుందని చేరిన మనిషికి ఇంటి ఖర్చు పెరిగింది. ఇంకొందరు లీడర్లు మరో అడుగు ముందుకేసి, మరిది పేరునా, ఆడపడుచు పేరునా ఆధార్ కార్డులు పెట్టి ఐడీలు తీసి, తమ కింది వరుస (లెగ్గు) నింపడానికి తామే డబ్బు కట్టి సరుకు తెప్పించుకుంటారు. టీమ్ పెద్దగా కనిపిస్తుంది, కొన్నది మాత్రం ఒక్కరే.

సరిగ్గా ఇక్కడే చట్టం వచ్చి నిలబడుతుంది. మన రాష్ట్రానికి ఈ విషయంలో దేశం మొత్తం గుర్తుపెట్టుకున్న చరిత్ర ఉంది. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సీఐడీ డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీ ఆమ్‌వే కార్యాలయాల మీద దాడులు చేసి కేసులు పెట్టింది. కంపెనీ హైకోర్టుకు వెళ్లింది. 2007 జులై 19న హైకోర్టు, ప్రాథమికంగా చూస్తే ఆ పథకం 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం కిందకి వస్తుందంది. సరుకు అమ్మడాన్ని ఆ చట్టం నేరమనలేదు. మనుషులను చేర్చడం మీద, వాళ్లు మళ్లీ మనుషులను చేర్చడం మీద ఆధారపడి తేలిగ్గా వచ్చే డబ్బే దాని గురి. 2014లో కర్నూలు పోలీసులు ఆ కంపెనీ భారత విభాగం అధిపతిని అరెస్టు చేశారు కూడా. 2022 ఏప్రిల్లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) దాదాపు 757 కోట్ల రూపాయల ఆమ్‌వే ఆస్తులను జప్తు చేసినప్పుడు చేసిన ఆరోపణ మన అంశానికి చాలా దగ్గరిది: కొత్తగా చేరేవాళ్లు వాడుకోవడానికి సరుకు కొనడం లేదు, సభ్యులై డబ్బు గడించాలని కొంటున్నారు అని. కంపెనీ ఆ ఆరోపణలను ఒప్పుకోలేదు.

మధ్యలో నిబంధనలు కూడా తేటపడ్డాయి. కేంద్ర వినియోగదారుల శాఖ 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2021 డిసెంబరు 28న వినియోగదారుల రక్షణ చట్టం కింద డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు తెచ్చింది. పిరమిడ్ పథకాలు, మనీ సర్క్యులేషన్ పథకాలు నిషేధం. చేరడానికి ఫీజు ఉండకూడదు. అమ్మే మనిషి గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా చెప్పకుండా ఇంటికి వెళ్లకూడదు. రేటు, వాపసు, మార్పిడి షరతులు ముందే చెప్పాలి. కంపెనీ అంగీకరించని గొప్పలు సరుకు గురించి చెప్పకూడదు. షుగరు తగ్గుతుంది, బీపీ పోతుంది అని వాట్సాప్ స్టేటస్ పెట్టేవాళ్లు 1954 నాటి మేజిక్ రెమెడీస్ చట్టాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆ జబ్బులు రెండూ దాని జాబితాలో ఉన్నాయి, నోటిమాటగా చెప్పే ప్రకటన కూడా దాని కిందకే వస్తుంది.

రేటు కోసం చేరేవాళ్లను వేరుచేసి చూడాలన్న ఆలోచనకు అన్నింటికన్నా గట్టి ఉదాహరణ మాత్రం అమెరికాది. 2016 జులైలో ఇలాంటి కంపెనీయే అయిన హెర్బాలైఫ్ అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీకి వచ్చి 20 కోట్ల డాలర్లు కట్టింది. ఆ డబ్బుకన్నా షరతులు ముఖ్యం. తగ్గింపు ధరకు కొనుక్కోవడానికి మాత్రమే చేరేవాళ్లు, వ్యాపారం చేయడానికి చేరేవాళ్లు అని సభ్యులను రెండుగా విడదీయమన్నారు. వ్యాపారంలో ఉన్నవాళ్లకిచ్చే ప్రతిఫలంలో కనీసం మూడింట రెండొంతులు రుజువున్న అమ్మకాల మీదే రావాలన్నారు. వ్యాపారులు సొంతానికి కొనుక్కున్న సరుకు మీద వచ్చేది మూడో వంతు దాటకూడదన్నారు. అంతకుముందు అందరినీ ఒకే గాటన కట్టి డిస్ట్రిబ్యూటర్లు అనడం వల్ల ఎవరు వాడుకుంటున్నారో, ఎవరు లెవెల్ కోసం కొంటున్నారో తెలిసేది కాదు. మన ఊళ్లో ఏ కంపెనీ సరుకు అమ్మే లీడరైనా ఆ విభజనను తన నోటుపుస్తకంలో తానే చేసుకోవచ్చు, కంపెనీ చెప్పేదాకా ఆగక్కర్లేదు.

చేర్చుకునేటప్పుడు ఏం మాట్లాడాలి? ఆదాయం ఊసు ఎత్తకండి. అడగాల్సింది ఆ ఇంట్లో ఏం వాడతారో, నెలకి ఎంత అవుతుందో. రెండే వస్తువులు వాడే ఇల్లయితే ఐడీ అక్కర్లేదని చెప్పండి, మీ ఐడీ మీద తెచ్చివ్వండి. ఆరేడు వస్తువులు వాడితే ఐడీ పనికొస్తుంది. ఫారం నింపేటప్పుడు ఒక సంగతి విప్పి చెప్పాలి: చాలా కంపెనీల్లో ఈ కాగితం మీద సంతకం పెడితే చట్టం దృష్టిలో ఆమె కూడా డైరెక్ట్ సెల్లరే, కొనుక్కునే మనిషి మాత్రమే కాదు. కంపెనీలో ఖాతాదారుల కోసం విడిగా ఐడీ ఉంటే అదే ఇప్పించండి. పాస్‌వర్డు, ఓటీపీ ఆమె ఫోన్లోనే ఉండాలి. లీడరు చేతిలో ఉన్న ఐడీతో నెలాఖరున ఏం జరుగుతుందో పైన చెప్పుకున్నాం.

చేర్చాక మీటింగు గ్రూపులో కలపొద్దు. డబ్బా ఎన్నాళ్లకి అయిపోతుందో రాసిపెట్టుకుని, అయిపోయే వారం ముందు ఒక్క మెసేజ్ చాలు. జీతాలు పడే రోజులు చూసుకోండి, జీతం ఆలస్యమైన నెలలో అసలు అడగకండి. కూర్మన్నపాలెం నుంచి శీలానగర్ దాకా ఆర్డర్లన్నీ ఒకే రోజుకి కలుపుకుంటే ఒక్క స్కూటరు తిరుగుడుతో అందించవచ్చు. డీపీ పెరిగినా, సరుకు మారినా ఆమెకు బిల్లు చూసి తెలియకూడదు, మీరే ముందు చెప్పాలి. రేటు కోసం వచ్చిన మనిషికి రేటు గురించి మీరు చెప్పే నిజమే సేవ.

మానేస్తానంటే గొడవ పడకండి, కారణాలు తవ్వకండి. చేరినవాళ్లు వెనక్కి తగ్గడానికి నిబంధనలు కొంత గడువు ఇస్తున్నాయి, ఆ గడువులో రద్దు చేసుకుంటే కట్టిన డబ్బు తిరిగి రావాలి. వాపసు ఫారం ఎక్కడుందో ఆమెకు చూపించి, సీలు తీయని డబ్బాలు పంపించడంలో సాయపడండి. కంపెనీ నసిగితే ఫిర్యాదుల అధికారి వివరాలు దాని వెబ్‌సైటులో ఉండాలి. అక్కడా పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను నంబరు 1915. చేర్పించిన రోజునే ఆ నంబరు ఆమె ఫోన్లో వేసి ఇవ్వండి.