పత్తి గింజల రేటు నుంచి వాట్సాప్ దాకా.. లా స్టూడెంట్స్‌కు సీసీఐ ఇంటర్న్‌షిప్, వరంగల్ నుంచి వెళ్లాలంటే?

వరంగల్, హనుమకొండలో లా చదివేవాళ్లను ఇంటర్న్‌షిప్ ఎక్కడ అని అడిగితే, జిల్లా కోర్టులో సీనియర్ లాయర్ దగ్గర అనో, హైదరాబాద్‌లో హైకోర్టు అడ్వకేట్ ఆఫీసులో అనో చెబుతారు. కాంపిటీషన్ కమిషన్ పేరు చెప్పేవాళ్లు తక్కువే. అదంతా ఢిల్లీలో కార్పొరేట్ లాయర్ల వ్యవహారమని, నేషనల్ లా యూనివర్సిటీల పిల్లలకే పనికొస్తుందని ఒక అభిప్రాయం ఉండిపోయింది. కానీ ఈ రకం చట్టం ఏం చేయగలదో వరంగల్ పత్తి రైతు 20 ఏళ్ల కిందటే చూశాడు.

ఇంతకీ సీసీఐ పనేంటి?

సీసీఐ అంటే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా. కంపెనీలు కుమ్మక్కై రేట్లు పెంచుతున్నాయా? మార్కెట్‌ను గుప్పిట్లో పెట్టుకున్న కంపెనీ ఆ బలంతో మిగతావాళ్లను తొక్కేస్తోందా? రెండు పెద్ద కంపెనీలు కలిసిపోతే కొనేవాళ్లకు నష్టమా? ఈ మూడూ చూసే కేంద్ర సంస్థ ఇది. అమెరికాలో దీన్నే యాంటీట్రస్ట్ అంటారు. మన దగ్గర కాంపిటీషన్ యాక్ట్ 2002లో వచ్చింది. కుమ్మక్కు, ఆధిపత్య దుర్వినియోగం కేసులకు సంబంధించిన సెక్షన్లు మాత్రం 2009 మే 20న అమల్లోకి వచ్చాయి.

మీ చేతిలో ఉన్న ఫోన్‌కూ దీనికీ సంబంధం ఉంది. ఆండ్రాయిడ్ వ్యవహారంలో 2022 అక్టోబర్‌లో గూగుల్‌కు సీసీఐ రూ.1,337.76 కోట్ల జరిమానా వేసింది. వాట్సాప్ ప్రైవసీ పాలసీ విషయంలో 2024 నవంబర్‌లో మెటాకు రూ.213.14 కోట్లు వేసింది. ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇంకో ఉదాహరణ చెప్పాలంటే, 2012లో 11 సిమెంట్ కంపెనీలపై వేసిన జరిమానా మొత్తం రూ.6,300 కోట్లు దాటింది. అది ట్రిబ్యునళ్ల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగింది. జరిమానా వేసినంత మాత్రాన డబ్బు వెంటనే కట్టేస్తారని కాదు, అది వేరే సంగతి.

పత్తి ప్యాకెట్ కథ

2006కు ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 450 గ్రాముల బీటీ పత్తి విత్తనాల ప్యాకెట్ రేటు రూ.1,600 పైమాటే. అందులో గింజ ఖర్చు కంటే "ట్రెయిట్ ఫీజు"దే పెద్ద వాటా, రూ.1,250. అంటే పురుగును తట్టుకునే ఆ జన్యువు టెక్నాలజీని వాడుకున్నందుకు మహికో మోన్‌శాంటో కంపెనీకి చేరే సొమ్ము. ఎకరా, రెండెకరాలు కౌలుకు చేసుకునే రైతుకు ఇది మామూలు భారం కాదు. 1997-98లో పత్తి దెబ్బతిని వరంగల్ జిల్లాలో రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్న రోజులు అప్పటికి ఎవరూ మర్చిపోలేదు.

రాష్ట్ర ప్రభుత్వం ఏం చేసింది? 2006లో ఎంఆర్‌టీపీ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. సీసీఐ రాకముందు గుత్తాధిపత్యం కేసులు చూసింది ఆ కమిషనే. ఇదే టెక్నాలజీకి చైనాలో చాలా తక్కువ తీసుకుంటున్నారు, ఇక్కడ ఎందుకింత అన్నది ప్రభుత్వం వాదన. అదే ఏడాది మే నెలలో ఫీజు తగ్గించాలని కమిషన్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ సీజన్‌లోనే ప్రభుత్వం ప్యాకెట్ రేటును రూ.750కి తెచ్చింది. రేటు సగానికి పైగా పడిపోయింది. 2007లో పత్తి విత్తనాల రేట్లపై రాష్ట్రం సొంత చట్టమే చేసింది.

రెండో రౌండ్ సీసీఐ దగ్గర నడిచింది. హైదరాబాద్‌కు చెందిన నూజివీడు సీడ్స్‌కూ మోన్‌శాంటో వర్గానికీ మధ్య లైసెన్స్ గొడవ ముదిరింది. కేంద్ర వ్యవసాయ శాఖ కూడా విషయాన్ని సీసీఐ ముందుకు తెచ్చింది. ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసినట్టు ప్రాథమికంగా కనిపిస్తోందంటూ 2016 ఫిబ్రవరిలో సీసీఐ దర్యాప్తుకు ఆదేశించింది. అదే ఏడాది మార్చిలో కేంద్రం ట్రెయిట్ ఫీజును రూ.49కి కుదించింది. అయితే ఇది సీసీఐ చేసిన పని కాదు, కేంద్రం తెచ్చిన ధరల నియంత్రణ ఉత్తర్వు కింద జరిగింది. రెండిటినీ కలిపేసి చెప్పేవాళ్లున్నారు, జాగ్రత్త.

ఆ తర్వాత కంపెనీలు రాజీపడ్డాయి. 2023 జులైలో ఢిల్లీ హైకోర్టు, పేటెంట్ హక్కుల వాడకం మీద పేటెంట్ చట్టమే చూసుకుంటుందంటూ సీసీఐ చర్యలను కొట్టేసింది. సీసీఐ అప్పీలు 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టులోనూ నిలవలేదు. మరి పేటెంట్ ఉన్న విత్తనం రేటు మీద పోటీ చట్టం మాట్లాడొచ్చా, లేదా? ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బండి తోలే ఇంట్లో పుట్టిన స్టూడెంట్‌కు ఇంతకంటే మంచి రీసెర్చ్ టాపిక్ దొరకదు.

ఇంటర్న్ చేసే పనేంటి?

నిజం చెప్పాలంటే గూగుల్ ఫైల్ తెచ్చి మీ టేబుల్ మీద పెట్టరు. కంపెనీల రహస్య సమాచారం ఇంటర్న్‌లకు చూపించరు. చూసిందాన్ని బయటపెట్టమని రాసిచ్చే నిబంధన కూడా ఉంటుంది. నెల రోజుల పాటు ఒక అధికారి కింద ఉండి, ఇచ్చిన టాపిక్‌పై పాత ఆర్డర్లు, ట్రిబ్యునల్ తీర్పులు, విదేశీ కేసులు చదివి రిపోర్ట్ రాయాలి. లా వాళ్లతో పాటు ఎకనామిక్స్, మేనేజ్‌మెంట్ లాంటి కోర్సుల వాళ్లను కూడా తీసుకుంటారు. అసలు లాభం అక్కడే ఉంది. "మార్కెట్ అంటే ఏది, ఎంతవరకు" అనే ప్రశ్నకు లా పుస్తకం ఒక్కటే జవాబు చెప్పలేదు, పక్కన ఎకనామిక్స్ తెలిసినవాళ్లు ఉండాలి.

బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం మూడేళ్ల ఎల్ఎల్‌బీకి 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకు 20 వారాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. ఒక ఏడాదిలో వరసగా నాలుగు వారాలకు మించి చేయకూడదు. చట్టపరమైన నియంత్రణ సంస్థల్లో చేసిన ఇంటర్న్‌షిప్ కూడా ఈ లెక్కలోకి వస్తుంది. కాబట్టి సీసీఐలో గడిపే నెల వృథా పోదు.

అసలు చిక్కు డబ్బు దగ్గరే

ప్రధాన ఆఫీసు ఢిల్లీలో ఉంది. కాజీపేటలో రైలెక్కితే దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. రైలు టికెట్, గది అద్దె, తిండి ఖర్చు మీదే. గౌరవ వేతనం ఉన్నా, అది చివర్లో రిపోర్ట్ ఇచ్చాక, పని బాగుందని అధికారులు సంతృప్తి చెందాక చేతికొస్తుంది. అంటే ముందు నెల రోజులకు డబ్బు ఇంటి నుంచే సర్దుకోవాలి. మార్కులు తక్కువై కాదు, ఈ లెక్క కుదరక ఆగిపోయే పిల్లలుంటారు. దీని గురించి కాలేజీలు, బార్ అసోసియేషన్లు ఆలోచించాలి. నెల ఖర్చు అప్పుగా సర్దినా ఒక స్టూడెంట్ వెళ్లి వస్తారు. దక్షిణాది రాష్ట్రాల కోసం సీసీఐకి 2021 నుంచి చెన్నైలో రీజనల్ ఆఫీస్ ఉంది. అక్కడ అవకాశం ఉందేమో ఆ నెల నోటీసులో చూసుకోవడం మంచిది.

అప్లై చేయాలంటే?

కోర్సు చివరి ఏళ్లలో ఉన్నవాళ్లకే అవకాశం. గడువు తేదీ, అర్హత, వేతనం ఎంత అనేవి మారుతుంటాయి కాబట్టి సీసీఐ అధికారిక వెబ్‌సైట్‌లో ఇంటర్న్‌షిప్ నోటీసు చూసే నింపాలి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పాత పీడీఎఫ్‌లను నమ్ముకోవద్దు. ఫీజు కడితే సీటు గ్యారంటీ అనే ఏజెంట్లు తగిలితే అది మోసమే. ఇంటర్న్‌షిప్ చేసినంత మాత్రాన కమిషన్‌లో ఉద్యోగం రాదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. కాలేజీ నుంచి సిఫార్సు లెటర్ పరీక్షల హడావుడి మొదలయ్యేలోపే తీసి పెట్టుకుంటే చివర్లో ప్రిన్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

ఎందుకు వెళ్లాలనుకుంటున్నారో రాయమంటే "కార్పొరేట్ లా అంటే ఆసక్తి" అని అందరూ రాసేదే రాయొద్దు. సీసీఐ ఆర్డర్లు వెబ్‌సైట్‌లో ఫ్రీగా ఉంటాయి. ఒకటి పూర్తిగా చదివి, అందులో ఏ పాయింట్ దగ్గర మీకు సందేహం వచ్చిందో రాయండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ఓలా, ఉబర్ రేట్ల మీద ఒక లాయర్ వేసిన కేసు చూడండి. అందులో ఆయన ఓడిపోయారు. కానీ సొంతంగా నష్టపోకపోయినా ఎవరైనా సీసీఐకి సమాచారం ఇవ్వొచ్చని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది ఆ కేసులోనే. ఎవరైనా అంటే లా స్టూడెంట్ కూడా, పత్తి రైతు కూడా.