పసికందుకు తొలి శ్వాస అందనప్పుడు

తల్లి గర్భంలోని శిశువుకు ఊపిరితిత్తులు ఉన్నా వాటికి పని ఉండదు. తల్లి రక్తంలోని ప్రాణవాయువు మాయ ద్వారా, బొడ్డుతాడు వెంట బిడ్డకు చేరుతుంది. జన్మించిన కొద్ది క్షణాలలో ఈ ఏర్పాటంతా మారిపోవలసి ఉన్నది. నూటికి సుమారు 90 మంది శిశువులలో ఈ మార్పు తనంతట తానే జరుగుతుంది. తక్కిన 10 మందికి ఏదో ఒక మేరకు సహాయం కావలసి వస్తుంది. వారిలోనూ ఒక్కరికి మాత్రమే పూర్తి స్థాయి చికిత్స అవసరమవుతుంది. ఆ సహాయం తొలి నిమిషంలోనే అందవలెను.

కాన్పు ఎక్కువ సేపు ఆగిపోవడం, బొడ్డుతాడు ముందుగా జారి నొక్కుకొనిపోవడం, మాయ వేళకు ముందే విడిపోవడం, గర్భాశయం చిట్లడం మొదలైన కారణాల వలన శిశువు మెదడుకు ప్రాణవాయువు, రక్తప్రసారం తగ్గిపోవచ్చును. దీని వలన కలిగే మెదడు దెబ్బను వైద్యులు హైపాక్సిక్ ఇస్కీమిక్ ఎన్‌సెఫలోపతి అంటారు. ఈ హాని రెండు దశలలో జరుగుతుంది. ప్రాణవాయువు అందనప్పుడు కొన్ని కణాలు వెంటనే నశిస్తాయి. రక్తప్రసారం తిరిగి కుదుటపడిన తరువాత, కొన్ని గంటలకు, రెండవ విడత నష్టం ఆరంభమవుతుంది. బిడ్డ మందకొడిగా ఉండడం, పాలు పట్టకపోవడం, మూర్ఛలు రావడం దీని లక్షణాలు. తీవ్రమైన దెబ్బ తగిలిన శిశువులలో కొందరు మరణిస్తారు. బ్రతికినవారిలో కొందరికి సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, చూపు లేదా వినికిడి లోపం మిగిలిపోతాయి.

కారణ నిర్ణయంలోని చిక్కు

1952లో అమెరికా వైద్యురాలు వర్జీనియా ఆప్గార్ ప్రతిపాదించిన పరీక్ష నేడు ప్రసూతి గదులలో సర్వసాధారణం. గుండె వేగం, శ్వాస, కండరాల బిగువు, స్పందన, శరీరపు రంగు అనే 5 అంశాలకు రెండేసి మార్కుల చొప్పున, పుట్టిన 1వ నిమిషంలోను, 5వ నిమిషంలోను లెక్క కడతారు. అయితే తక్కువ మార్కులు వచ్చినంత మాత్రాన ప్రాణవాయువు లోపమే కారణమని చెప్పరాదు. నెలలు నిండకపోవడం, తల్లికి ఇచ్చిన మత్తుమందు, అంటువ్యాధి కూడా ఇందుకు కారణం కావచ్చును.

ఈ చర్చ పాతదే. 1861లో లండన్ శస్త్రవైద్యుడు విలియం జాన్ లిటిల్ కష్టమైన కాన్పుకు, బిడ్డ అవయవాల బిగువుకు సంబంధం ఉన్నదని వాదించినాడు. గర్భంలోనే ఏర్పడిన లోపం వలన కూడా కాన్పు కష్టం కావచ్చునని 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్ సందేహం వెలిబుచ్చినాడు. న్యాయస్థానాలలో నేటికీ ఈ రెండు వాదాలే ఎదురుపడుతున్నవి.

చికిత్స విషయంలోనూ తొందరపాటు తగదు. పుట్టిన 6 గంటలలోపు ఆరంభించి, 72 గంటలపాటు శిశువు శరీర ఉష్ణోగ్రతను 33–34 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గించి ఉంచడం సంపన్న దేశాలలో వాడుకలో ఉన్నది. ఈ పద్ధతిని భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రులలో 408 మంది శిశువులపై పరీక్షించి, 2021లో ఫలితాలను ప్రకటించినారు. మరణం లేదా వైకల్యం తగ్గలేదు సరికదా, శీతల చికిత్స పొందినవారిలో మరణాలు అధికమైనవి. కనుక చల్లబరచలేదన్న ఒక్క కారణమే వైద్యుని నిర్లక్ష్యానికి రుజువు కాజాలదు.

చట్టం చూపే మార్గాలు

ఫలితం చెడినంత మాత్రాన తప్పు జరిగినట్లు కాదు. తగిన నైపుణ్యం గల వైద్యుడు ఆ పరిస్థితులలో తీసుకొనవలసిన జాగ్రత్త లోపించినదా, ఆ లోపం వలననే హాని కలిగినదా అన్న రెండు ప్రశ్నలకు సమాధానం కావలెను. గుండె చప్పుడు తగ్గుతున్నా గమనించకపోవడం, ఆపరేషన్ అవసరమని తెలిసినా జాప్యం చేయడం, శ్వాస ఆడించే పరికరం గాని శిక్షణ పొందిన మనిషి గాని లేకపోవడం వంటివి విచారణార్హమైన అంశాలు.

డబ్బు తీసుకొని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోనికి వస్తుందని 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1986 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం క్రింద కూడా ఇదే పద్ధతి కొనసాగుతున్నది. ఫిర్యాదును 2 సంవత్సరాలలోపు దాఖలు చేయవలెను. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చును. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల రూపాయలు దాటనప్పుడు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము లేదు. ఫిర్యాదీ నివసించే చోటనే దాఖలు చేయవచ్చును. సూరత్‌లోనో భివండీలోనో మరమగ్గాలపై పనిచేసే తెలుగు కుటుంబం, కాన్పు అక్కడ జరిగినా, స్వస్థలానికి వచ్చి స్థిరపడితే తమ జిల్లాలోనే న్యాయం కోరవచ్చును.

శిశువే గాక తల్లిదండ్రులు కూడా వినియోగదారులేనని 1998లో స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి వ్యాజ్యంలో సుప్రీంకోర్టు స్పష్టం చేసినది. తప్పుడు ఇంజెక్షన్ వలన మెదడు దెబ్బతిన్న బాలునికి 12.5 లక్షలు, తల్లిదండ్రుల మనోవేదనకు 5 లక్షల రూపాయలు మంజూరైనవి.

అందరికీ ఉచితంగా చికిత్స చేసే ప్రభుత్వాసుపత్రి ఈ చట్టం పరిధిలోనికి రాదు. అక్కడ సివిలు దావా లేదా హైకోర్టులో రిట్ పిటిషన్ మార్గాలు. క్రిమినల్ కేసు విషయంలో మాత్రం నిర్లక్ష్యం అతి తీవ్రమైనదై ఉండవలెననీ, ముందుగా స్వతంత్ర వైద్యాభిప్రాయం పొందవలెననీ 2005లో జాకబ్ మాథ్యూ తీర్పు నిర్దేశించినది. వృత్తి ధర్మం ఉల్లంఘనపై రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చును. అయితే అక్కడ నష్టపరిహారం లభించదు.

ఏ మార్గానికైనా పత్రాలే ఆధారం. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులను వైద్యుడు 3 సంవత్సరాలు భద్రపరచవలెను. కోరిన 72 గంటలలోపు ఇవ్వవలెను. కాన్పు నమోదు పత్రం, గుండె చప్పుడు నమోదులు, ఆప్గార్ మార్కులు, బదిలీ చీటీ, స్కానింగ్ నివేదికలను కుటుంబం తొలినాళ్ళలోనే సేకరించుకొనవలెను. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, బాలలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చును. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చును.

తీర్పు వచ్చే వరకు

తమిళనాడులో 1996లో నెలలు నిండకుండా పుట్టిన ఒక శిశువుకు, ప్రభుత్వాసుపత్రిలో సకాలంలో కంటి పరీక్ష జరగనందున చూపు పోయినది. 2015లో సుప్రీంకోర్టు సుమారు 1.8 కోట్ల రూపాయల పరిహారం విధించినది. అప్పటికి ఆ బిడ్డకు 18 ఏండ్లు నిండినవి.

మెదడు ఎదిగే వయస్సు అంతవరకు ఆగదు. అందుచేత వ్యాజ్యం ఒక ప్రక్క సాగుతుండగానే బిడ్డకు చికిత్స ఆరంభం కావలెను. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలలో ఫిజియోథెరపీ, మాట, వినికిడి సేవలు ఉన్నవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సెరిబ్రల్ పాల్సీని గుర్తించినది. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం క్రింద నిరామయ పథకం 1 లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కల్పిస్తున్నది. 18 ఏండ్లు దాటినవారికి సంరక్షకుని నియమించే ఏర్పాటు కూడా ఆ చట్టంలోనే ఉన్నది. ఈ సేవలు పొందడానికి ఎవరి తప్పునూ రుజువు చేయవలసిన పని లేదు.