పాత మారుతి రేజ్ అవుతోందా? స్క్రూ తిప్పేముందు ఇవి చూడండి

తెల్లారకముందే వంకాయ గంపలు వెనక సీట్లో సర్దుకుని రైతుబజారుకు బయలుదేరతారు. బండి పాత మారుతి 800. కీ తిప్పగానే ఇంజను అందుకుంటుంది. నాలుగు కిలోమీటర్లు పోయినా రొద మాత్రం తగ్గదు. పెడలు మీద కాలు లేకపోయినా గుయ్యిమంటూనే ఉంటుంది. బజారు గేటు దగ్గర జనం మధ్యలో క్లచ్ కాస్త వదిలేసరికి బండి ఒక్క ఉదుటున ముందుకు ఉరుకుతుంది. ఎదురుగా ఎవరి గంపలో, ఎవరి పిల్లలో ఉంటే? ‘ఏముందిలే, రేజ్ అవుతోంది’ అని వదిలేసే సంగతి కాదిది. పెట్రోలు దండగ సరే, అసలు భయం ప్రమాదం గురించే.

1983 చివర్లో రోడ్డెక్కిన ఈ బండి తయారీ 2014లో ఆగిపోయింది. అయినా పల్లెల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. 2000కు ముందు కొన్న బండ్లలో చాలావాటికి ఉన్నది కార్బురేటరే. ఇంజను వేడెక్కాక నిలకడ వేగం నిమిషానికి సుమారు 900 చుట్లు ఉంటే చాలు. అది కొలిచే మీటరు ఈ బండిలో ఉండదు కాబట్టి చెవితోనే పోల్చుకోవాలి.

తూము, గండి

కార్బురేటరులో గాలిని అదుపు చేసే చిన్న పలక ఒకటి ఉంటుంది. దాన్ని కాలువ తూము తలుపు అనుకోండి. ఆక్సిలేటరు తొక్కితే తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. వదిలినా రొద తగ్గలేదంటే రెండే కారణాలు చూడాలి. తలుపు పూర్తిగా మూసుకోకపోయి ఉండాలి, లేదా తూము కిందుగా ఎక్కడో గండి పడి ఉండాలి. చాలామంది ఈ రెండూ చూడకుండానే స్లో స్క్రూ తిప్పేస్తారు. గండి పూడ్చకుండా తలుపు బిగించినట్టే అది. నాలుగు రోజులు బాగుంటుంది, తర్వాత మళ్లీ మామూలే.

మొదట తలుపు సంగతి

బండిని చదునైన చోట, ఆరుబయట నిలపండి. న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్ బ్రేకు వేయండి. మెడలో తువ్వాలుంటే తీసి పక్కన పెట్టండి, ఫ్యాను లాగేసుకుంటుంది.

చోక్ నాబు పూర్తిగా లోపలికి పోయిందా? చోక్ లాగితే గాలి పలక కూడా కొంచెం తెరుచుకుంటుంది. చలి ఉదయాల్లో మొదట కాసేపు రొద ఎక్కువగా ఉండడం అందుకే, అది తప్పు కాదు. వేడెక్కాక నాబు తోసేసినా రొద తగ్గలేదంటే బానెట్ ఎత్తి, కార్బురేటరు దగ్గర చోక్ లివరు వెనక్కి వచ్చిందో లేదో చూడండి. వైరు తుప్పుపట్టి మధ్యలో ఆగిపోవడం మామూలే.

తర్వాత ఆక్సిలేటరు వైరు. కాలి కింద మ్యాటు పెడలును నొక్కి పట్టిందేమో చూడండి. ఇంజను దగ్గర వైరుకు కాస్త వదులు ఉండాలి. ఆ లివరును చేత్తో మెల్లగా మూసే వైపు నెట్టండి. రొద పడిపోయిందంటే దొంగ దొరికినట్టే. వైరు బిగుసుకుంది, లేదా రిటర్ను స్ప్రింగు సాగిపోయింది. పీచులేచిన వైరుకు నూనె పోసి కాలం గడపకండి, మార్చేయండి.

ఏసీ ఉన్న బండిలో ఏసీ వేసినప్పుడు వేగం పెంచే ఏర్పాటు ఒకటి ఉంటుంది. ఏసీ ఆపినా అది వెనక్కి రాకపోతే రొద అలాగే నిలుస్తుంది.

ఇక గండి వెతకడం

లివరు నెట్టినా మార్పు లేకపోతే గాలి దొంగదారిన దూరుతోందన్న అనుమానం రావాలి. కార్బురేటరు అడుగున ఉండే ప్యాకింగు, మానిఫోల్డు బోల్టులు, సన్నటి రబ్బరు పైపులు, బ్రేకు బూస్టరు ఉంటే దాని పైపు వరుసగా చూడండి. సందు చిన్నదైతే రేజ్ అవుతుంది. పెద్దదైతే ఇంజను కొట్టుకుంటూ ఆగిపోతుంది. రేజ్ కావడంతో పాటు బ్రేకు పెడలు గట్టిపడితే బూస్టరు పైపును తప్పక అనుమానించాలి. అలాంటి బండిని మెకానిక్ చూసేదాకా రోడ్డెక్కించవద్దు.

ఇంజను నడుస్తుండగా ఒక్కో రబ్బరు పైపును ప్లయరుతో మెల్లగా నొక్కండి. ఏ పైపు దగ్గర రొద మారిందో లోపం అటువైపే. ప్యాకింగు చుట్టూ సబ్బునీళ్లు కుంచెతో కొద్దిగా రాయండి. గాలి పీల్చే చోట నీళ్లు లోపలికి పోయి రొద మారుతుంది. కరెంటు వైర్ల మీద మాత్రం పడనీయకండి. కొందరు ఈ పరీక్షకు పెట్రోలు చల్లుతారు. వేడి ఇంజను మీద అది నిప్పుతో చెలగాటం.

పాత పైపుల విషయంలో ఇప్పుడు మరింత జాగ్రత్త కావాలి. మన చెరకు, మొక్కజొన్న, నూకల నుంచి తీసిన ఇథనాల్ నేడు పెట్రోలులో 20 శాతం దాకా కలుస్తోంది. రైతుకు అది మంచి మార్కెట్టే. కానీ పాత బండ్ల రబ్బరు దానికోసం చేసింది కాదు. పెట్రోలు తగిలే పైపులు, వాషర్లు ఉబ్బడం, మెత్తబడడం, పగలడం జరగవచ్చు. ఏడాదికోసారి చూసి మార్పించుకోండి.

స్క్రూ ఆఖరున

ఇవన్నీ సరిగా ఉంటేనే స్క్రూ దగ్గరికి పోవాలి. ఇంజను బాగా వేడెక్కాక స్లో స్క్రూ తిప్పాలి. ఎన్ని చుట్లు తిప్పిందీ కాగితం మీద రాసుకోండి, తేడా వస్తే మళ్లీ మొదటికి రావచ్చు. పక్కనుండే మిక్స్చరు స్క్రూను గట్టిగా బిగిస్తే దాని మొన చెడి కార్బురేటరుకే మోసం వస్తుంది. టైమింగు ముందుకు జరిగినా, గాలి పలక ఇరుసు అరిగినా రేజ్ అవుతుంది. అవి మెకానిక్ పని. ఇరుసు అరిగితే కొత్త కిట్టు వేసినా ఫలితం ఉండదని గుర్తుంచుకోండి.

చివరగా ఒక మాట. మూసిన షెడ్డులోనో, పశువుల కొట్టంలోనో ఇంజను నడిపి ఈ పరీక్షలు చేయకండి. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. మనిషికీ, గొడ్డుకూ తెలియకుండానే ప్రాణం తీస్తుంది. వచ్చే సంతకు ఇంకా టైముంది. ఈ ఆదివారం ఆరుబయట బానెట్ ఎత్తి ఒక అరగంట కేటాయించండి.