క్రిమి జాడయు, రైతుపై నిందయు

2011వ సంవత్సరము మే మాసమున జర్మనీలో రక్తవిరేచనముల వ్యాధి ప్రబలెను. ఏబదిమందికి పైగా మరణించిరి. స్పెయిన్ దేశపు కీరదోసలపై ఇ.కోలై యను క్రిమి కలదని హాంబర్గు అధికారులు చాటగా, కొనువారు లేక అచటి రైతులు కాయలు పారబోసికొనిరి. కొలదిదినములకే కాయలపై క్రిమి వంగడము వేరు, రోగులయందలిది వేరు అని తేలినది. దోషము తుదకు మెంతిమొలకలదని నిర్ణయించిరి. కూరగాయల రైతుల నష్టమునకై ఐరోపా సంఘము 21 కోట్ల యూరోలు కేటాయింపవలసి వచ్చెను.

పేరొకటియైనను వంగడములు వేరని యెట్లు తెలియును? క్రిమియందు దాని వంశలక్షణములు నాలుగు విధములైన రసాయనాక్షరములతో వ్రాయబడియుండును. లిస్టీరియా యను క్రిమికి అవి సుమారు 30 లక్షలు. నేడు వీనినన్నిటిని యంత్రములు చదువుచున్నవి. పూర్వము కరణము నకలు వ్రాయుచు ఒకచోట తప్పినచో, దానినుండి తీసిన ప్రతులన్నిటను ఆ తప్పే కనబడెడిది. క్రిమి రెండుగా చీలునపుడును అప్పుడప్పుడట్టి తప్పులు పడును. రోగియందలి క్రిమికిని ఆహారమందలి క్రిమికిని తప్పులు కలిసినచో మూలమొకటే యని గట్టిగా శంకింపవచ్చును. అయినను రోగి యేమి తినెనో అడిగి వ్రాసికొనుట మానరాదు. మొలకల జాడ దొరికినది అట్లే.

2018లో ఐదు దేశములందలి 47 మంది లిస్టీరియా రోగుల జాడ ఈ పద్ధతిచేతనే హంగేరీలో మొక్కజొన్నలను గడ్డకట్టించు కర్మాగారమునకు చేరెను. వారిలో తొమ్మండుగురు మరణించిరి. 2016, 2017, 2018 సరకులలో ఆ వంగడమే దొరకెను. పంట ఏటేట క్రొత్తదే కదా! కావున శుద్ధిచేసినను క్రిమి కర్మాగారమందే నిలిచియుండునని పరీక్షకులు తలచిరి.

ఏ మడినుండి ఏ దినమున ఎంత సరకు పంపినదియు సభ్యులు చీటీలు వ్రాసి భద్రపరచుకొనవలెనని మేము కోరుచున్నాము. యంత్రము క్రిమిని చదువును గాని బస్తా యెవరిదో చెప్పజాలదు.