చూపుకంటె చట్రమే ప్రియమా?

మొన్న మాఘమాసమున మా యత్తగారికి కండ్లజోడు మార్పింపవలసివచ్చినది. నిత్యము భాగవతము చదువుకొనువారు పదిదినములుగా పుస్తకము మూసిపెట్టి, "అక్షరములు చీమలవలె ప్రాకుచున్నవే, అమ్మాయీ" అనుచుండిరి. పట్టణమున నొక యంగడికి తోడుకొనిపోతిమి. అద్దములకు 900 రూపాయలట. వానిని పొదుగు చట్రమునకు మాత్రము 4,500! ఆ మాట చెవిని బడగానే వారు లేచి, "ఈ వయసున నాకు చూపుతో నేమి పని? పోదము పద" అని మెట్లు దిగిపోయిరి. ఆ మాట నాటినుండి మమ్ము గ్రుచ్చుచునే యున్నది.

చట్రమన నేమి సోదరీమణులారా? కొంచెము లోహమో ప్లాస్టిక్కో, రెండు కీలులు, నాలుగు మరలు. అమెరికాలో లెన్స్‌క్రాఫ్టర్సు అంగళ్లను స్థాపించిన డీన్ బట్లరుగారు 2019లో ఒక పత్రికవారితో, మంచి చట్రములు 4 మొదలు 8 డాలర్లకే చేయించవచ్చుననియు, 15 డాలర్లు పెట్టినచో గొప్ప పేర్లవాని నాణ్యమే వచ్చుననియు చెప్పిరి. అవియే అంగడిలో వందల డాలర్లు పలుకుచున్నవి.

నడిమి సొమ్ము పోవుదారి తెలియవలెనన్న ఇటలీదేశమునకు పోవలెను. లియొనార్డో డెల్ వెక్కియో 1935లో మిలాను నగరమున తండ్రిలేని బిడ్డగా పుట్టి, అనాథాశ్రమమున పెరిగినవాడు. 1961లో అగోర్దో అను కొండయూర లుక్సోటికా సంస్థను నెలకొల్పి, మొదట పరులకు విడిభాగములు చేసి యిచ్చుచుండెను. పిమ్మట చట్రములు తానే చేసెను. చేసినవానిని అమ్ము అంగళ్లను సైతము కొనెను. 1995లో లెన్స్‌క్రాఫ్టర్సు, 1999లో రేబాన్, 2001లో సన్‌గ్లాస్ హట్ ఆయన వశమైనవి. ఓక్లీ అను కంపెనీకి ఆయనతో తగవు వచ్చినప్పుడు ఆ యంగళ్లు దాని సరకు కొనుట తగ్గించినవి, దాని వాటాల వెల దిగజారినది. తుదకు 2007లో ఓక్లీయు ఆయనదే యైనది. 2018లో అద్దములు చేయు ఎస్సిలార్ సంస్థయు ఇందు కలిసినది. చేయువాడు, అమ్మువాడు ఒక్కడే యైనప్పుడు బేరమెవరితో?

ఇక ప్రాడా, షానెల్ మొదలగు పేర్లు. ఆ చట్రములును పెక్కు ఈ సంస్థయే చేయును. పేరు వాడుకొన్నందులకు ఆ యింటివారికి అమ్మకములో భాగ మిచ్చును. ఆ భాగమును మన కొంగుముడినుండియే వచ్చును.

మనలోను లోపము లేకపోలేదు. కిలో వంకాయలకు పావుగంట బేరమాడు మనము, వైద్యుని చీటి చేతబట్టి ఈ యంగడి గడప త్రొక్కగానే మూగలమగుదుము. మన దేశమున 2025 సెప్టెంబరు 22 నుండి చట్రములపై పన్ను నూటికి 12 నుండి 5కు తగ్గినది. ఆ మాటయైన నడిగిన వారెందరు?

మఱునాడు మేము పాత చట్రమును మూటగట్టుకొని వేఱొక యంగడికి పోతిమి. "ఇది విరుగునమ్మా, క్రొత్తది తీసికొనుడు" అని యతడు రెండుమార్లు చెప్పెను. విరిగిన మాదే పూచీ యని, దానికే క్రొత్త అద్దములు వేయించితిమి. విరుగలేదు. అత్తగారు ఇప్పుడు గజేంద్రమోక్షమున నున్నారు. ఎడమచెవి కొక్కెము కొంచెము వదులైనదని దారము చుట్టుకొన్నారు.