నల్లరేగడిలో పూలపొద బతకాలంటే..

నర్సరీలో గుత్తులు గుత్తులుగా పూసిన నూరువరహాల మొక్క మన వాకిట్లోకి రాగానే ఎందుకు పాలిపోతుంది? నిజామాబాద్, బోధన్ దిక్కు కొత్తగా ఇల్లు కట్టుకున్న ఎవరినైనా అడగండి, ఇదే కంప్లైంట్. ‘మా చేతికి మొక్క బతకదు’ అనేస్తారు. చేతిని అనుకుని లాభం లేదు. సంగతంతా మట్టిలో ఉంది.

మాది నల్లరేగడి. 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్లు కాలువలకెక్కాయి. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది. చెరుకుకి కలిసొచ్చిన ఈ నేలే పూలపొదల్ని తిప్పలు పెడుతుంది. వానాకాలం ఉబ్బి నీళ్లు వదలదు. ఎండాకాలం బీటలు వారి సన్నటి వేళ్లని తెంపేస్తుంది.

గుంతే గిన్నె అవుతుంది

నర్సరీ కవర్లో ఉండేది ఎక్కువగా ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు కలిపిన గుల్ల మిశ్రమం. దాన్ని నల్లమట్టి గుంతలో దించితే చుట్టూ జిగట గోడ, మధ్యలో గుల్ల మట్టి. వాన నీళ్లన్నీ అక్కడికే చేరి, బయటికి పోలేక వేళ్లు కుళ్లుతాయి.

అందుకే లోతు తగ్గించి వెడల్పు పెంచాలి. అడుగు లోతు, రెండడుగుల వెడల్పు చాలు. తవ్విన మట్టిలో మూడో వంతు బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, చుట్టుపక్కల నేల కంటే అరడుగు ఎత్తుగా దిబ్బ కట్టి నాటండి. తొలకరి పడ్డాక జూన్, జులైలో నాటితే ఎండలొచ్చేలోపు వేళ్లు కుదురుకుంటాయి.

ఏది తెచ్చుకోవాలి?

శని, ఆదివారాలకే ఇంటికొచ్చే నాలాంటివాళ్లు మొక్క కొనే ముందు ఒక్కటి ఆలోచించాలి. మే నెలలో, 45 డిగ్రీల ఎండలో దానికి బకెట్ మోసేది అమ్మో నాన్నో.

నందివర్ధనం, కాగితం పువ్వు కుదురుకున్నాయంటే పెద్దగా సతాయించవు. కాగితం పువ్వుకి నీళ్లు ఎక్కువైతే ఆకులే వస్తాయి, కొంచెం ఎండగట్టాలి. గన్నేరు కూడా మొండిదే. కానీ ఆకు నుంచి పువ్వు దాకా అంతా విషం. చిన్నపిల్లలు, పశువులు తిరిగే చోట వద్దు.

మందారం కొత్త చిగుళ్ల మీదే పూస్తుంది. ఫిబ్రవరిలో మూడో వంతు కత్తిరించండి. పిండినల్లి కనిపిస్తే ముందు పైపుతో గట్టిగా నీళ్లు కొట్టండి. తగ్గకపోతే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి.

నూరువరహాల లేతాకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయా? అది ఇనుము లోపం. క్షారగుణం ఉన్న నల్లమట్టిలో ఇనుము ఉన్నా వేళ్లకి అందదు. లీటరు నీళ్లకి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకులు తడిసేలా కొట్టండి. పదిరోజులకోసారి రెండు మూడు సార్లు కొడితే కొత్త చిగుళ్లు పచ్చగా వస్తాయి.

చెరుకాకు దుప్పటి

చెరుకు కొట్టాక మిగిలే ఎండుటాకుని చాలా పొలాల్లో తగలబెడతారు. తెలిసిన రైతుని ఒక సంచెడు అడిగి తెచ్చుకోండి. మొదలుకి తగలకుండా, చుట్టూ 3 అంగుళాల మందాన పరిస్తే తడి ఆరదు, నేల బీటలు వారదు. చెద పట్టిందేమో అప్పుడప్పుడు చూసుకోవాలి. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డాక మా దగ్గర చెరుకు తగ్గి వరి పెరిగింది. ఆకు దొరక్కపోతే వరిగడ్డి వేసినా పనైపోతుంది.

తంగేడు ఉండగా..

రాష్ట్ర పుష్పం తంగేడుని తోట మొక్కగా ఎవరూ లెక్కచేయరు. నిజానికి అది మన ఎండకి పుట్టిన పూలపొద. బీడు భూములన్నీ ప్లాట్లయ్యాక బతుకమ్మకి తంగేడు పువ్వుని కట్టల లెక్కన కొనుక్కుంటున్నాం. ఎండిన కాయల్లోంచి విత్తనాలు తీసి, వేడినీళ్లలో వేసి, రాత్రంతా అలాగే నాననిచ్చి తెల్లారి నాటండి. గట్టి పెంకు మెత్తబడి మొలక త్వరగా వస్తుంది. ఏటా పూత అయ్యాక కొమ్మలు కత్తిరిస్తే గుబురుగా కంచెలా పెరుగుతుంది.

రెండేళ్లు ఓపిక పడితే మీ ఇంటి బతుకమ్మకి మొదటి వరస పువ్వు మీ వాకిట్లోనే దొరుకుతుంది. పక్కింటి పిల్లలు అడిగితే రెండు కొమ్మలు ఎక్కువే ఇవ్వండి.